వాకిట్లో పారబోసిన కల్లు

మా ఖమ్మం క్రాఫ్ట్ బీర్ గ్రూపులో ఒక అలవాటుంది. ఏ సీసా విప్పినా వాసన చూసి, ఒక గుక్క తాగి, మిగతాది పారబోసి స్టార్లు ఇస్తాం. ఈరోజు జీలుగు చెట్టు కల్లు రుచి చూద్దామని, భద్రాచలం అడవి పక్కనున్న మా ఆఫీసు మిత్రుడి ఊరికి వెళ్లాను. వాళ్లు కోయవాళ్లు.

వాళ్లమ్మ ఆకు దొప్పలో పోసిచ్చింది. నేను కళ్లు మూసుకుని ఒక గుక్క తాగి, "పనసతొన వాసన, చివర్లో కొంచెం పులుపు" అని పండితుడిలా ప్రకటించాను. ఇంకో చెట్టు కల్లు కూడా రుచి చూద్దామని, దొప్పలో మిగిలింది వాకిట్లో పారబోశాను.

ఆమె మొహం మారిపోయింది.

"అదేంది బిడ్డా? తాగకముందు పెద్దలకని నేల మీద పోస్తం. నువ్వు ఎంగిలి పోసినవేంది?"

సిగ్గుతో ఖాళీ దొప్ప కింద పెట్టేశాను. ఆమే కొత్త దొప్ప తెచ్చింది.

"మీ నాయన ఉన్నడా?"

"లేడమ్మా, పోయిండు."

"పేరేంది?"

చెప్పాను. ఆ పేరు పలికి రెండు చుక్కలు నేలకు వదిలి, దొప్ప నా చేతిలో పెట్టింది. మా నాన్న జన్మలో కల్లు ముట్టలేదని చెప్పే ధైర్యం లేక, మొత్తం తాగేశాను.

గ్రూపులో ఎన్ని స్టార్లని అడుగుతున్నారు. కల్లు సంగతి సరే, నాకెన్ని ఇస్తారో మీరే చెప్పండి.