రద్దు చేసినవారి పేరు

మా కంపెనీ వెబ్‌సైట్‌లో కార్యక్రమాల పేజీ ఉండేది. అందులో ఎవరికి ఎంత అధికారమో రాసింది నేనే. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే రోత పుడుతుంది. ఉద్యోగి కార్యక్రమం నమోదు చేయొచ్చు, మేనేజర్ ఆమోదించొచ్చు, అడ్మిన్నైన నేను ఏదైనా చేయొచ్చు. హౌస్‌కీపింగ్ వాళ్లు మాత్రం చూడొచ్చు, అంతే. ఆ చివరి వరసకు 'గెస్ట్' అని పేరు పెట్టి, ఎంత మర్యాదగా ఉందోనని మురిసిపోయాను కూడా.

ఉద్యమం జోరు మీదున్న రోజులవి. మధ్యాహ్నం గేటు బయట జై తెలంగాణ అని గొంతు చించుకునేవాళ్లలో నేనూ ఒకణ్ని. అరవడం అయ్యాక ఐడీ కార్డు సర్దుకుని మళ్లీ ఏసీలోకి వచ్చేవాణ్ని.

మా అంతస్తు శుభ్రం చేసే ఆమెది మా కంపెనీ లేచిన ఊరే, కొత్తగూడ. కంపెనీ ప్రహరీ కట్టినప్పుడు వాళ్ల పోచమ్మ గుడి లోపలే ఉండిపోయింది. జనరేటర్ గది వెనక, నడుమెత్తు గుడి. ఏటా బోనాలకు ఆమె ఇంటి ఆడవాళ్లు గేటు దగ్గర ఒక మాట చెప్పి లోపలికి వచ్చి, బోనం సమర్పించి పోయేవారు. ఆ ఏడు నా పేజీ వచ్చింది. బయటివాళ్లు లోపలికి రావాలంటే కార్యక్రమం అందులో ఉండాలి. గెస్ట్‌కు పెట్టే వీల్లేదు.

"మా ఊర్ల నన్నే గెస్ట్ అంటున్నరేంది సారు?" అని అడిగిందామె. కోపంతో కాదు, నిజంగానే అర్థంకాక. నవ్వేసి, నా పేరు మీద పెడతానన్నాను. పెట్టాను. ఆదివారం పొద్దున, ఐదుగురు ఆడవాళ్లు, ఒక గంట. ఇక ఫికరు లేదని ఇంట్లో చెప్పుకోమన్నాను.

శుక్రవారం ఫెసిలిటీ మేనేజర్ పిలిచాడు. ఆయనదీ మా జిల్లానే, నినాదాలప్పుడు నా పక్కనే నిలబడేవాడు. ఈ గొడవల్లో ఊరివాళ్లను రానిస్తే పైవాళ్లు ఊరుకోరని, తన పేరు రాకుండా నన్నే తీసేయమని చెప్పాడు. చెబుతూనే, ఆఫీసు పార్టీలో కాక్‌టెయిల్ పోటీకి బయటి నుంచి వచ్చే బృందానికి ఆమోదం నొక్కాడు. ఆ పేజీలో నాకన్నా పెద్ద అధికారం ఎవరికీ లేదు. కాదంటే ఆయన చేయగలిగిందేమీ లేదు. పళ్లికిలించి, సరే సార్ అని, రద్దు చేశాను. ఆమెకు చెప్పడానికి మొహం చెల్లక, మెట్ల దారిన ఇంటికి జారుకున్నాను.

సోమవారం వస్తూ చూశాను. ప్రహరీ బయట, సరిగ్గా గుడి వెనక వైపు, గోడకు పసుపూ కుంకుమా ఉన్నాయి. కింద వేపరెమ్మలు వాడిపోయి ఉన్నాయి.

ఆమె ఎప్పట్లాగే బకెట్‌తో వచ్చింది. గేటు దగ్గర ఎంతసేపు నిలబడ్డారని అడిగాను. ఆమె బకెట్ కింద పెట్టింది.

"గేటుకాడ కంప్యూటర్ల చూపిచ్చిండ్రు సారు. అండ్ల నీ పేరే ఉన్నది."

రద్దు చేసినవారి పేరు గెస్ట్‌కు కనబడాలి, కారణం కనబడకూడదు. ఆ నియమమూ నేను రాసిందే. మేనేజర్ చెప్పాడన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. అంతకన్నా నీచం ఉండదనిపించి మింగేశాను.

"జర కాళ్లు మీదికి వెట్టు సారు," అంది, "తుడవాలె."

నా చెప్పుల కింది మరకను ఆమె రెండుసార్లు తుడిచింది. అంతసేపూ నేను కుర్చీలో కాళ్లు ముడుచుకునే కూర్చున్నాను.