దిష్టి చుక్క పెట్టిన గోల్‌కీపరు

ఆ కదిలే బొమ్మ మీకూ మెయిల్లో వచ్చే ఉంటుంది. ఆట అయిపోయి ఖాళీ అయిన మైదానంలో ఒక గోల్‌కీపరు గోలు స్తంభానికి వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంటాడు. ఒక వీధికుక్క నడుచుకుంటూ వచ్చి అతని పక్కనే కూర్చుంటుంది. పాపం, ఓదార్చడానికి వచ్చిందేమో అనుకునేంతలో లేచి, అదే స్తంభం దగ్గర కాలెత్తి, పని కానిచ్చుకుని వెళ్ళిపోతుంది. అతను కదలడు. మళ్ళీ కుక్క వస్తుంది. అంతే బొమ్మ. 2002 తర్వాత కొన్నేళ్ళపాటు బెంగళూరు ఆఫీసుల్లో అది మెయిలు నుంచి మెయిలుకి తిరుగుతూనే ఉంది. కింద రాత మాత్రం మారేది. ‘జీతాలు పెంచిన రోజున నేను’ అని ఒకరు రాసేవాళ్ళు. ‘పెళ్ళయిన ఆర్నెల్లకి మా ఆయన’ అని ఇంకొకరు. పడీ పడీ నవ్వామని చెప్పుకునేవాళ్ళు.

దాన్ని గీసింది నేను. ఎవరినీ నవ్వించడానికి గీయలేదు. ఒక్క మనిషి చూసి, ఇది వీడి పనే అని గుర్తుపట్టాలని గీశాను. ఆ ఒక్క మనిషికి అది ఎప్పుడు చేరుతుందా అని ఆరేళ్ళు కాచుకుని కూర్చున్నాను.

మాది బెంగళూరులో కబ్బన్‌పేట. తాతల నాడే వచ్చి ఇక్కడ మగ్గాలు వేసుకున్న తెలుగు ఇల్లు. నాయన చీర అంచులకీ కొంగులకీ డిజైన్లు గీసేవాడు. గళ్ళ కాగితం మీద ఒక్కో గడీ ఒక్కో దారం. నెమలి మెడ వంపు తిరగాలంటే ఎన్ని గళ్ళు నింపాలో ఆయన చేతికి తెలుసు. అంతా పూర్తయ్యాక కొంగు చివర ఎక్కడో ఒకచోట, ఒకే ఒక్క గడిలో, పొంతన లేని రంగు నింపేవాడు. అది దిష్టి చుక్క. మా ఇంట్లో ఏ డిజైనూ ఆ చుక్క లేకుండా మగ్గం ఎక్కలేదు. కొట్టువాళ్ళు అప్పుడప్పుడు దాన్ని నేతలో తప్పనుకుని చీర వాపసు పంపేవాళ్ళు. నాయన సణుక్కుంటూ వేరే కొట్టుకి అమ్ముకునేవాడు గాని, చుక్క మానలేదు.

తొంభైల్లో మా పేట పిల్లలు సాయంత్రాలు బంతాట ఆడేవాళ్ళు. నేను పరిగెత్తలేనని గోలు దగ్గర నిలబెట్టారు. అప్పటినుంచీ ఎక్కడాడినా నాకదే చోటు. తర్వాత చదువు, ఆ పైన కుందలహళ్ళి దగ్గర సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆమె పరిచయమైంది అక్కడే.

తెనాలి వైపు అమ్మాయి. ఆఫీసు వెనక వీధిలో పీజీలో ఉండేది. మేం రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం. ఉద్యోగంతో పని లేకుండా కూడా పట్టేది. కబ్బన్ పార్కు పక్కనున్న ఆర్ట్ గ్యాలరీకి శనివారాలు ఆమెను తీసుకెళ్ళేవాణ్ణి. నాకు బొమ్మలంటే ప్రాణం. నేను ఒక రంగు దగ్గర నోరు తెరుచుకుని నిలబడి ఉంటే, ఆమె పక్క బొమ్మ దగ్గరనుంచి పిలిచేది. “ఇటు రా ఒకసారి. ఈవిడ నీడ అటు పడాలి కదా, ఇటు వేశాడేంటి?” వర్తూరు చెరువు పక్కన మా ఆఫీసు మ్యాచి చూడటానికి ఒకే ఒకసారి వచ్చింది. నేను గాల్లోకి ఎగిరి బంతి ఆపాను, మోచెయ్యి చీరుకుపోయింది. ఆట అయ్యాక, “మీ వల కుడి మూల చిరిగిపోయింది, చూసుకున్నావా?” అంది. అదే మెచ్చుకోలు అనుకుని పొంగిపోయాను. ప్రేమలో ఉన్నవాడికి బుర్ర ఎంత పనిచేస్తుందో చెప్పక్కర్లేదు.

నా మాటలోనూ తప్పులు పట్టింది. “ఉండాది ఏంటి బాబూ, ఉంది అనలేవా? కొట్లాటకి వచ్చినట్టుంటుంది వింటుంటే.” నెల తిరక్కుండా ‘ఉంది’కి మారిపోయాను. ఇంట్లోనూ అదే నోటికి వచ్చేది. నాయన ఎగాదిగా చూసి, “ఏమప్పా, సుమ్నే సినిమావాళ్ళ మాదిరి మాట్లాడతా ఉండావే!” అన్నాడు. సుమ్నే అంటే ఊరికే, మా ఇంటి తెలుగులో కన్నడం అలా కలిసిపోయింది.

ఒక ఆదివారం ఆమె మా ఇంటికి భోజనానికి వచ్చింది. నాయన మగ్గం మీది నుంచి అప్పుడే దించిన చీర పరిచి చూపించాడు. దిష్టి చుక్క సంగతి చెప్పి, ఎక్కడుందో కనిపెట్టమన్నాడు. చుట్టాలతో ఆయన ఆడే ఆట అది. గంటసేపు వెతికి ఓడిపోయినవాళ్ళున్నారు. ఆమె వంగి, కొంగు అంచు వెంబడి కళ్ళు పరిగెత్తించి, ఆకుపచ్చ తీగలో దాక్కున్న ఒక్క ఎర్ర గడి మీద ఠక్కున వేలు పెట్టింది.

“మా ఆఫీసులో అయితే దీన్ని తప్పని రాసి తీయించేస్తాను అంకుల్.”

“రాసుకో మా, తీయొద్దు మాత్రం. మచ్చ లేకుండా చేస్తే కన్ను తగుల్తాది,” అన్నాడు నాయన. చుక్క అంత త్వరగా దొరికిపోయినందుకు ఆయన మొహం వెలిగిపోతూ ఉంది. నా మొహం సంగతి సరేసరి. ఆ క్షణాన నాకు పెళ్ళయిపోయినట్టే అనిపించింది.

2002 ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు ఆటలు మనకు పట్టపగలే వచ్చాయి. ఫైనలు ఆదివారం సాయంత్రం. కుందలహళ్ళిలో మేం రోజూ తినే ఆంధ్రా మెస్సులో టీవీ కింద కూర్చుని చూశాం. ఆట ముగిసే వేళకి ఆమె మజ్జిగ గ్లాసు పక్కకి జరిపి చెప్పింది.

“నాకు సంబంధం కుదిరింది. అబ్బాయి పూణేలో. వచ్చే నెల ఇక్కడ మానేస్తున్నా.”

“మరి మనం?” అన్నాను.

“మనం ఏంటి?” అంది.

అది నటన కాదు. కోపం అంతకన్నా కాదు. నిజంగానే ఆమెకు అర్థం కాలేదు. అన్ని తప్పులు పట్టే ఆ కళ్ళకి నేను కనపడనే లేదు. ఎటు చూడాలో తెలియక టీవీ వైపు చూశాను. ఓడిపోయిన జట్టు గోల్‌కీపరు స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. అతని పక్కన ఎవరూ లేరు.

ఆమె వెళ్ళాక బొమ్మ మొదలుపెట్టాను. కంప్యూటర్లో బొమ్మని పెద్దది చేసి చూస్తే అదీ గళ్ళే. నాయన కాగితం మీద నింపినట్టే నేను తెర మీద ఒక్కో గడీ నింపాను. కుక్క నడవాలంటే నాలుగు కాళ్ళూ కొంచెం కొంచెం మార్చి, అదే బొమ్మని మళ్ళీ మళ్ళీ గీయాలి. చివర్లో గోల్‌కీపరు నల్ల బూటు మీద ఒక్క ఎర్ర గడి నింపాను. ప్రతి బొమ్మలోనూ, అదే చోట. ఆమె కంటికి తప్పు ఆనకపోదు. ఆనిందంటే మా ఇల్లు గుర్తుకొస్తుంది, చీర మీద పెట్టిన వేలు గుర్తుకొస్తుంది. అప్పుడైనా ఆ కూర్చున్నవాడెవడో తెలుస్తుంది అనుకున్నాను.

నేరుగా ఆమెకే పంపొచ్చు కదా అంటారు. ‘మనం ఏంటి’ అన్న మనిషికి ఏ మొహం పెట్టుకుని పంపను? ఆఫీసులో ఒకడికి పంపాను. వాడు పదిమందికి పంపాడు. ఫార్వర్డ్ చేసేటప్పుడు పైనున్న పేర్లన్నీ చెరిపేసి పంపడం ఆ రోజుల్లో మర్యాద. పనివేళలో జోకులు తిప్పుతున్నారని మేనేజరుకి తెలిస్తే కొంప మునుగుతుంది. అలా మొదటి వారంలోనే నా పేరు పోయింది. పోతే పోయింది, చుక్క ఉంది కదా అని ధైర్యం. చీర మీద మాత్రం నాయన పేరు ఉండేదా?

తర్వాత నాకు ఊళ్ళు తిరగాలనిపించింది. మనసు విరిగినవాళ్ళు హిమాలయాలకి పోతారని విన్నాను. నా సెలవులకి ఊరి బయట, రాష్ట్రం సరిహద్దున ఉన్న అత్తిబెలె దొరికింది. మార్కెట్లో బస్సెక్కి, చెక్‌పోస్టు దగ్గర దిగి, లారీల వరస పక్కన నిలబడి టీ తాగేవాణ్ణి. అవతల తమిళనాడు ఉన్నచోటే ఉందని చూసుకుని వెనక్కి వచ్చేసేవాణ్ణి. దాటి వెళ్ళడానికి అడ్డమేమీ లేదు. అవతల మాత్రం ఏముంది? అక్కడ నిలబడ్డా ఆలోచన ఒక్కటే, ఈపాటికి పూణే చేరి ఉంటుందా అని.

బొమ్మ తిరిగి తిరిగి నాకే వచ్చేది. మా చిన్నాన్న కొడుకు పంపాడు. బ్యాంకులో పనిచేసే క్లాస్‌మేటు పంపాడు. ప్రతిసారీ తెర మీద పెద్దది చేసి బూటు చూసుకునేవాణ్ణి. చుక్క అక్కడే ఉండేది. హమ్మయ్య, ఇంకా దారిలోనే ఉంది అనుకునేవాణ్ణి. ఈలోగా నేనూ ఉద్యోగం మారాను. పాత ఆఫీసువాళ్ళు ఎవరైనా కలిస్తే ఆమె గురించి అడగాలని నోటిదాకా వచ్చి ఆగిపోయేది. ఇంట్లో సంబంధాలు చూస్తామంటే ఇప్పుడే వద్దన్నాను. ఎందుకని అడిగితే చెప్పడానికి నా దగ్గర ఒక కుక్క, ఒక గోలు స్తంభం తప్ప ఏముంది?

2008లో ఆమె నుంచి మెయిలు వచ్చింది. పాత ఆఫీసువాళ్ళందరికీ కలిపి పంపింది, అందరిలో నేనూ ఉన్నాను. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి తెరిచాను. గోల్‌కీపరు కూర్చుని ఉన్నాడు. పైన ఆమె సొంత మాటలు ఉన్నాయి.

“హాయ్ అందరికీ. ఎవరు చేశారో గాని సూపర్ కదా! మా ఆయనా నేనూ తెగ నవ్వుకున్నాం. బూటు మీద ఏదో ఎర్ర మచ్చ ఉంటే చిరాకేసి నేనే తీసేశాను. ఇప్పుడు నీట్‌గా ఉంది, చూడండి.”

చూశాను. బూటు నల్లగా, శుభ్రంగా ఉంది. ఆ చుక్క ఊరికే పోయేది కాదు. బొమ్మని విడి విడి బొమ్మలుగా విప్పి, ఒక్కోదాంట్లో వెతికి, ఒక్కోదాంట్లో నలుపు నింపాలి. ఎంత లేదన్నా ఒక పూట పని. ఆ పూటంతా నేను పెట్టిన చుక్కనే చూస్తూ కూర్చుంది. గుర్తు రాలేదు. నాకు ఏడుపు కూడా రాలేదు. అందరూ వరసగా ‘హహ’ అని జవాబులు కొడుతుంటే నేనూ ‘బాగుంది’ అని కొట్టాను.

ఆ ఆదివారం ఇంట్లో నాయన దగ్గర కూర్చున్నాను. కళ్ళు మసకబారి అప్పటికే గీయడం మానేశాడు. మగ్గాలూ అమ్మేశాం. ఏమనుకున్నాడో ఏమో, ఉన్నట్టుండి అడిగాడు.

“మీ ఆఫీసు పాప ఒకతె వచ్చిండె కదప్పా, చీర మీద చుక్క టక్కని పట్టేసిండె. ఎట్లుండాది?”

“బాగుండాది నాయనా. పూణేలో.”

“ఏం కన్నప్పా ఆ పాపది! ఒక్క మచ్చ వదల్లేదు.”

“అవు నాయనా,” అన్నాను. “ఇప్పుడూ అట్లే ఉండాది.”