కౌలు చేలో అంకన్న

తెల్లవారగానే సంకటి ముద్ద, పచ్చిపులుసు క్యారియర్‌లో పెట్టుకుని చేనికి పోవడం అలివేలమ్మకు పదేళ్ళ అలవాటు. ఇప్పుడూ పోతోంది. చేతిలో క్యారియర్ లేదు, చెంబెడు నీళ్ళున్నాయి. బత్తాయి చెట్ల నడుమ ముళ్ళకంప కప్పిన మట్టిదిబ్బ మీద ఆ నీళ్ళు పోసి, కాసేపు కూర్చుని వస్తుంది. దిబ్బ కింద ఆమె భర్త అంకన్న ఉన్నాడు. నక్కలు తవ్వకుండా కంప వేసింది కూడా ఆమే.

వాళ్ళ ఇంటివాళ్ళు పోయినవాళ్ళను సొంత చేలోనే పూడ్చుకుంటారు. ఈ చేను మాత్రం సొంతం కాదు. రాచర్లలో ఉండే వెంకటసుబ్బులమ్మ దగ్గర పన్నెండేళ్ళకు కౌలుకు తీసుకున్నది. బోరు వేయించడానికి అంకన్న ఆ కౌలు కాగితాన్నే గిద్దలూరులో ఒక ఫైనాన్సులో తాకట్టు పెట్టాడు. వాళ్ళు వచ్చి అతన్ని చెట్ల మధ్య నిలబెట్టి ఫోటో తీసుకుపోయారు. ఆ రోజు అతని సంబరం ఇంతా అంతా కాదు.

“చేను మనది కాకుంటే ఫోటో ఎందుకు తీస్తారే? నేనేమన్నా పెళ్ళికొడుకునా?” అని మీసం దువ్వాడు.

అలివేలమ్మా అదే నమ్మింది. ఫైనాన్సువాళ్ళే నమ్మి అప్పిచ్చిన చేను ఎక్కడికి పోతుందనుకుంది. అందుకే అతను పోయిన రోజు ఎవరినీ అడక్కుండా అక్కడే గొయ్యి తీయించింది.

కర్మంతరం అయ్యాక ఫైనాన్సు మనిషి ఇంటికొచ్చాడు.

“కంతులు ఆగిపోయినాయి కదమ్మా, మిగిలిన రెండేళ్ళ కౌలు ఇంకొకరికిచ్చి రాబట్టుకుంటాం. చేనామెకు నోటీసు పంపినాం.”

“ఆ రెండేళ్ళు అయినాక చేను మీరు చూసుకుంటారా నాయనా?”

“మేమేం చూసుకుంటాం? మీకున్న హక్కే మాకు. మీ గడువు తీరితే మాదీ తీరినట్టే. అప్పు మాత్రం తీరదు.”



మరునాడే వెంకటసుబ్బులమ్మ వచ్చి అలివేలమ్మ ఇంటి ముందు ఆటో దిగింది.

“ఏందే అలివేలూ, నన్నడక్కుండా నా చేను తాకట్టు పెడితిరా? అట్ల పెడితే కౌలు రద్దని కాగితంలోనే రాపిచ్చినాం. మీ ఆయన చదువుకోలా?”

“చదివేంత చదువు మాకేడిది పెద్దమ్మా? ఆడ వేలిముద్ర ఎయ్యమంటే ఏసినాడు.”

“అమావాస్యకల్లా చేను ఖాళీ చెయ్యి. నా కొడుకు అమ్మకానికి పెట్టినాడు.” ఆమె గొంతు కాస్త తగ్గింది. “ఆ దిబ్బ కూడా చదును చెయ్యి తల్లీ. సమాధి ఉందంటే ఎవుడూ కొనడు.”

“ఆయన్ని ఏడికి తీస్కపోవాల పెద్దమ్మా?”

“పెట్టేముందు అడిగింటే చెప్పేదాన్ని” అంటూ వెంకటసుబ్బులమ్మ మొహం తిప్పుకుని ఆటో ఎక్కింది.

అప్పటినుంచి రోడ్డు మీద ట్రాక్టరు చప్పుడైతే చాలు, అలివేలమ్మ చేతిలో గిన్నె కింద పెట్టేసేది. పొయ్యి మీద అన్నం మాడిపోతున్నా చేనికి పరుగెత్తి దిబ్బ అలాగే ఉందో లేదో చూసుకునేది. పొలం కొలిచేవాడో, కొనేవాడో, ఎవడు గట్టు మీద నిలబడినా పోయి దిబ్బకు అడ్డంగా కూర్చునేది.

అమావాస్య ముందురోజు పలుగూ పారా తీసుకుని వెళ్ళింది. గట్టు వెంట కంచె పీకింది. పైపులు చుట్టి పెట్టింది. అంకన్న గొర్రెలకని వేసిన పాక గుంజలు పెకిలించింది. చివరికి దిబ్బ దగ్గరికొచ్చి ఒక కంప లేపింది. పొద్దున పోసిన నీళ్ళకు మట్టి ఇంకా తడిగానే ఉంది.

దూరంగా ఎక్కడో ట్రాక్టరు మోగింది. వేలికి ముల్లు దిగింది. అయినా కంపను యథాప్రకారం కప్పింది. పలుగు అక్కడే పడేసి, పొద్దున దిబ్బ పక్కన వదిలిన చెంబు తీసుకుని నీళ్ళకు బోరు వైపు నడిచింది.