తథాస్తు అన్న రోబో

జమ్మలమడుగు పెద్దలందరినీ ఒక్క మధ్యాహ్నంలో కర్పూరం కోసం పరుగులు తీయించిన ఘనత నాది. ఎవరైనా కొరివితో తల గోక్కుంటారు, నేను కరెంటు తీగతో గోక్కున్నాను. వినండి.

అప్పుడే ఒక సంస్థలో చేరాను. ఒక రోబోను ఊరూరా తిప్పడం నా ఉద్యోగం. అవసాన దశలో ఏ వైద్యం కావాలో, ఏది వద్దో, నోటమాట పోయాక తమ తరఫున ఎవరు చెప్పాలో ముందే తేల్చుకోమని అది పెద్దవాళ్ళకు నేర్పుతుంది. వాళ్ళు చెప్పింది విని, చివర్లో "నమోదైంది" అంటుంది. ఆ మాట నాకు పోలీస్ స్టేషన్‌ను గుర్తుచేసింది. శుభంగా ఉంటుందని దాన్ని తీసేసి "తథాస్తు" అని పెట్టాను. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారనీ, చెడు పలికితే అదే జరుగుతుందనీ మొట్టికాయలు తిని పెరిగినవాణ్ణే. ఆ రోజు నా బుద్ధి ఏ గడ్డి మేయడానికి పోయిందో!

జమ్మలమడుగులో పెట్టే సభ చెడితే రోబోనూ నన్నూ కలిపి ఇంటికి పంపిస్తామని పైవాళ్ళు ముందే చెప్పారు. జనం తక్కువవుతారేమోనని మా జేజిని, అంటే మా నాన్న వాళ్ళమ్మను కూడా తీసుకుపోయాను.

రోబో చక్కగానే చెప్పుకొచ్చింది. ఇంతలో రిటైరైన టీచరు నారాయణ మామ లేచాడు.

"అంటే ఐసీయూలో పడేసి, నోట్లో గొట్టాలు పెట్టి, ఏడిపిచ్చి సంపుతారా ఏంది?"

"తథాస్తు" అంది రోబో, వినయంగా తల ఊపుతూ.

మామ ముఖం సున్నం కొట్టిన గోడలా అయింది. "నీ నోట్లో మన్ను పడ" అన్నాడు.

"తథాస్తు."

ఇక చూడండి! దిష్టి తీయాలని ఒకరు, కర్పూరం వెలిగించాలని ఒకరు, నిమిషంలో హాలు ఖాళీ. నేను చెమటలు కక్కుతూ స్విచ్చి వెతుకుతున్నాను. జేజి మాత్రం కదల్లేదు.

"ఉద్యోగం పోతాదా అబ్బీ?"

"పోతాది జేజీ."

ఆమె కుర్చీ జరుపుకుని రోబో ఎదురుగా కూర్చుంది.

"ఇదో, ఇను. నాకు గొట్టాలు వద్దు. నొప్పి తెలీకుండా మందియ్యండి, సాలు. వంటింటి వాకిలి కాడ మంచమెయ్యండి, సంగటి వాసన తగలాల. వీడు నా చెయ్యి పట్టుకోనుండాల."

"తథాస్తు."

నేను స్విచ్చి వెతకడం మానేశాను. ఆమె కోరిక ఏమిటని ఇంట్లో మేమెవరమూ ఎన్నడూ అడిగింది లేదు. వాకిట్లో నిలబడి విన్నవాళ్ళు ఒక్కొక్కరే లోపలికి వచ్చారు. అడిగిన వరమిచ్చే యంత్రాన్ని ఎవరు వదులుకుంటారు? అందరికంటే ముందు మామే. "నా మాట మారుస్తాండా, ఈసారి సరిగ్గా ఇను" అన్నాడు. నా ఉద్యోగం నిలిచింది.

పోయిన చలికాలంలో జేజికి జబ్బు ముదిరి, ప్రొద్దుటూరు ఆసుపత్రిలో డాక్టరు ఐసీయూ మాట ఎత్తినప్పుడు నాన్న నావైపు చూశాడు. జేజి మాట నేనే చెప్పి, ఆమెను ఇంటికి తెచ్చాను. వంటింటి వాకిలి, పొయ్యి మీద సంగటి, నా చేతిలో ఆమె చెయ్యి. అంతా ఆమె అడిగినట్టే జరిగింది. ఇప్పుడు సంగటి ఉడికే వేళకు ఆమె మీద బెంగతో ఇంట్లో ఉండలేను, బయటికీ పోలేను.

రోబో ఇప్పుడు మా సంస్థ పులివెందుల ఆఫీసులో ఉంది. మొన్న ఎవరూ లేనప్పుడు స్విచ్చి వేశాను. "మా జేజి ఇంకొక్కసారి అబ్బీ అని పిలిస్తే బాగుండు" అన్నాను.

"తథాస్తు" అంది.

కాబట్టి పెన్నేటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ఏ యంత్రానికీ ఆ మాట నేర్పను. దీని నోట్లోంచి మాత్రం చెరపను. మాట ఇచ్చింది కదా, ఎదురుచూస్తున్నాను.