పిన్ని గీసిన దారి

మా పిన్ని విమానాలకు దారి గీస్తుంది. పైలట్ కాదు. కిటికీలు లేని ఒక గదిలో, మూడు కంప్యూటర్ల ముందు కూర్చుని, ఏ విమానం ఎటుగా వెళ్లాలో, ఎంత ఇంధనం నింపుకోవాలో తేల్చే ఉద్యోగం ఆవిడది. తను మాత్రం ఒక్కసారీ విమానం ఎక్కలేదు. చిన్నప్పుడు చెవికి జరిగిన ఆపరేషన్ వల్ల, ఆ ఊసే ఎత్తొద్దన్నారు డాక్టర్లు.

టైలరింగ్ చేసే బాబాయి ఆటపట్టించేవాడు. "లోకమంతటికీ ఆకాశంలో దారి చూపిస్తావు. మనం ఎక్కడికెళ్లినా రైలే!"

"నువ్వు కుట్టిన కోట్లన్నీ నువ్వే తొడుక్కుంటున్నావా?" అనేది పిన్ని.

ఒక ఏడాది వాళ్ల విమాన కంపెనీ రెండు సుదూర నగరాల మధ్య ఎక్కడా ఆగకుండా విమానం నడపాలనుకుంది. అంత దూరం అంతకు ముందెప్పుడూ నడపలేదు. దారి గీసే పని పిన్నికే అప్పగించారు. నెలల తరబడి కూర్చుని అన్నిటికన్నా దగ్గరి దారి సిద్ధం చేసింది.

తీరా బయలుదేరే రోజు ఉదయం చూస్తే, సముద్రం మీద ఆ దారి పొడవునా ఎదురుగాలి. ట్యాంకులు నిండా నింపినా ఇంధనం చాలదు.

"ముప్పై మందిని దింపేద్దాం. బరువు తగ్గితే సరిపోతుంది," అన్నాడు మేనేజరు.

పిన్నికి మనసొప్పలేదు. "టిక్కెట్టు కొనుక్కుని వచ్చినవాళ్లు సార్. ఒక్క అరగంట ఇవ్వండి."

ఇన్నాళ్లూ గీసిన దారిని పక్కన పెట్టేసింది. బాగా ఉత్తరంగా వెళితే గాలి వెనక నుంచి వీస్తోంది. అటు తిరిగితే దూరం పెరుగుతుంది, కానీ ప్రయాణం త్వరగా ముగుస్తుంది. లెక్క మళ్లీ మళ్లీ సరిచూసుకుంది.

కాసేపటికి కెప్టెన్ ఫోన్ చేశాడు. "ఏంటమ్మా, దూరం ఇంత పెరిగింది?"

"దూరం పెరిగింది, ఇంధనం తగ్గింది. గాలి మీ వెనకే ఉంటుంది సార్."

ఆయన కాగితాలన్నీ ఓపిగ్గా చదివాడు. "బాగుంది. మీరు సంతకం పెట్టారుగా, నేనూ పెడుతున్నా. అందర్నీ ఎక్కించండి."

విమానం లేచింది. డ్యూటీ అయిపోయినా పిన్ని ఇంటికి వెళ్లలేదు. సగం దారిలో గాలి అనుకున్నదానికన్నా నెమ్మదించింది. ఇంకాస్త పైన గాలి బలంగా ఉందని పిన్ని గమనించి, ఎత్తు పెంచమని కబురు పంపింది. కాసేపటికి విమానం మళ్లీ వేగం పుంజుకుంది.

చివరికి మర్నాడు తెల్లవారుజామున చక్రాలు నేలను తాకాయన్న సమాచారం వచ్చింది. గదిలో అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. దింపేద్దామన్న మేనేజరే అందరికన్నా గట్టిగా కొట్టాడు. పిన్ని మాత్రం కుర్చీలోంచి లేవలేకపోయింది. నవ్వుతూనే ఏడ్చేసింది.

బాబాయి ఆ రోజు కొలతలివ్వడానికి వచ్చిన వాళ్లందరికీ టేపు మెడలో వేసుకునే ఈ కథ చెప్పాడు. ఒకాయన చేతి కొలత కూడా తప్పు రాసుకున్నాడట.

సాయంత్రం అమ్మమ్మ ఫోన్ చేసింది. "ఏమే, అంత దూరం విమానం నువ్వే నడిపావంటున్నాడు మీ ఆయన?"

"నడిపింది పైలట్‌ అమ్మా."

"మరి నువ్వేం చేశావు?"

పిన్ని, ఎప్పుడూ లేనిది, గొంతు పెంచి చెప్పింది.

"దారి నాదమ్మా."