పిడికెడు బియ్యం మోసిన శంకరవ్వ

ముప్పై ఏండ్లు శంకరవ్వ బోర్డింగు కమిటీ మీటింగులకు పోయింది. ముప్పై ఏండ్లూ గుమ్మం పక్కనే నిలబడ్డది. లోపల మగవాళ్లు కుర్చీల్లో కూసొని బడి సంగతులు తేలుస్తుంటే, ఆమె చాయ్ అందించేది, ఖాళీ గ్లాసులు ఏరుకొచ్చేది. కూసోమని ఎవరూ అనలే. ఆమె అడగలే.

సుల్తానాబాద్ అవతల వరి పొలాల నడుమ ఉంది ఆ బాప్టిస్టు బోర్డింగు బడి. డెబ్బై ఏండ్ల కింద ఒక మిషనరీ జంట రేకుల షెడ్డులో ఆరుగురు ఆడపిల్లలతో మొదలుపెట్టింది. ఏ కులం పిల్లయినా ఒకే బంతిలో తినాలె. బైబిలైనా, పట్వారీ రాసిన కాగితమైనా తనంతట తాను చదువుకోవాలె. వాళ్ల ఉద్దేశం అంతే.

మిషనరీలు వెళ్లిపోయినంక బడిని బతికించింది చుట్టుపక్కల ఊర్ల చర్చి సంఘం ఆడవాళ్లు. ఎసరు పెట్టినప్పుడల్లా దేవుని పేరున ఒక పిడికెడు బియ్యం పక్కన కుండలో వేసేవాళ్లు. ఇల్లిల్లూ తిరిగి ఆ బియ్యం నెత్తిన మోసుకొచ్చింది శంకరవ్వ. తనూ అక్కడే ఏడో తరగతి దాకా చదివింది. ఇప్పుడున్న ఇరవైమూడు మందిలో హిందువుల పిల్లలే ఎక్కువ. కొందరి తండ్రులు మరమగ్గాల మీద, కొందరి తండ్రులు దుబాయిల.

మొన్నటి మీటింగుల కమిటీ అధ్యక్షుడు కైలాసం సార్ బోర్డింగు మూసేస్తమన్నడు. పిల్లలు తగ్గిండ్రట. జాగ రోడ్డు పక్కనుందట, ఫంక్షన్ హాలుకు లీజుకిస్తే సంఘానికి మంచిదట.

శంకరవ్వ మొదటిసారి నోరు తెరిచింది. "మరి పిల్లలు ఏడికి పోవాలె సారూ?"

"గీ ఫికరు నీకెందుకు శంకరవ్వా? చాయ్ సల్లారుతున్నది, జర అందరికియ్యి."

అందరూ నవ్విండ్రు. నవ్వినవాళ్లల్ల ఇద్దరి భార్యలు ఆమె మోసిన బియ్యం తిని చదువుకున్నవాళ్లే. సిగ్గుండాలె.

ఆమె ట్రే అక్కడే పెట్టి ఇంటికి పోయింది.

హుజూరాబాద్‌ల టీచరుగా ఉన్న నవత ఆ బోర్డింగుల చదివిన పిల్లే. సంగతి తెలిసి బడిని నడిపే సొసైటీ నియమాల కాపీ తీయించింది. బోర్డింగుల ఐదో తరగతి పూర్తి చేసిన ప్రతి ఒక్కరూ సభ్యులేనని, ఓటుందని అందుల రాసి ఉంది. సభ్యులందరి సమావేశంల ఒప్పుకోనిదే జాగ ఎవరికీ ఇయ్యొద్దని కూడా ఉంది.

నవత అదంతా శంకరవ్వకు చదివి వినిపించింది.

"అంటే గా కుర్చీ నాకు మొదటి నుంచీ ఉన్నదా బిడ్డా?"

"ఉన్నది పెద్దమ్మా. వాళ్లకూ తెలుసు."

"మరి నన్నెందుకు నిలబెట్టిండ్రు?"

ఆ జవాబు నేను చెప్తా. ఆడది కూసుంటే అడుగుతది కాబట్టి. ఆ కాగితం తెలిసీ దాచుడు మామూలు మరుపు కాదు, దొంగతనం.

నవత నోటీసు పంపినంక కమిటీకి సమావేశం పెట్టక తప్పలే. వచ్చే నెల రెండో ఆదివారం, ఆరాధన అయినంక, బడి ఆవరణలనే. శంకరవ్వ మోకాళ్ల నొప్పులతోనే పాత విద్యార్థుల ఇండ్లు వెతుకుతున్నది. ఆదిలాబాద్ జిల్లా బోథ్‌కు కోడళ్లుగా పోయినవాళ్ల దాకా పోయొచ్చింది. మా ఆయన ఒప్పుకోడని ఒకరు, మా మామ కమిటీల ఉన్నడని ఇంకొకరు తలుపు దగ్గరేసిండ్రు.

అక్కలారా, చెల్లెళ్లారా, ఆ బడిల చదివినవాళ్లు ఎక్కడున్నా రండి. టీసీ ఉంటే తెండి. లేకుంటే ఊరికే రండి, రిజిస్టరుల మీ పేరుంది. మీ ఇంటాయన కమిటీల ఉంటే లీజు వద్దని ఆయన ముందే చెయ్యెత్తండి. మీరు రాకుంటే ఇరవైమూడు మంది పిల్లలు పెట్టెలు సర్దుకొని ఇంటికి పోతరు. మళ్లీ బడి మొఖం చూడరు.