బావ ఫోను వెనక చీటీ

మా బావ ఫోన్లు బాగుచేసేవాడు. దుకాణానికి వచ్చిన ప్రతి ఫోను వెనకా తాళం అంకెలు రాసిన చీటీ అంటించేవాడు. కస్టమర్లు మాట మారుస్తారని, తన ఫోనుకు వచ్చిన కాల్సన్నీ రికార్డయ్యేలా పెట్టుకున్నాడు.

నాది యాపిల్ ఫోను, యాపిల్ కంప్యూటరు. ఆయనవి ఆండ్రాయిడ్, విండోస్. పదేళ్ళు దానిమీదే వాదించుకున్నాం.

"నీది ఇల్లరికంరా బావమరిదీ. వాళ్ళు పెట్టిందే తినాలి," అనేవాడు.

"నీది సత్రం బావా. ఎవడు పడితే వాడు దూరతాడు," అనేవాణ్ణి.

బావ పోయిన రెండు వారాలకు అక్క అడిగింది. "ఒరే, ఆయన గొంతు నీ ఫోన్లో ఏమైనా ఉందా?"

లేదు. నా దగ్గర ఫోటోలే ఉన్నాయి.

బావ ఫోను దుకాణం సొరుగులో దొరికింది. బ్యాటరీ మార్చాలనుకుని, అలవాటు కొద్దీ దాని వెనకా చీటీ అంటించి పెట్టాడు. ఛార్జింగు వైరు తగిలించి ఆ అంకెలు నొక్కితే తెరుచుకుంది. నా పేరు మీద నలభై రికార్డింగులున్నాయి. అక్క పక్కన కూర్చుని చివరిది పెట్టాను. పన్నెండు నిమిషాలూ మాట్లాడింది నేనే. బావ మధ్యమధ్య "ఊఁ" అంటున్నాడు. ఆఖర్న మాత్రం, "సరే, నీదే గొప్పదిలే. అక్కకిస్తున్నా, మాట్లాడు," అన్నాడు.

అక్క ఆ ముక్కే మళ్ళీ పెట్టమంది. పెట్టాను. ఇద్దరికీ ఏడుపు రాలేదు.

"నీ ఫోన్లోకీ ఎక్కించుకోరా," అంది.

"వద్దులే అక్కా. ఇక్కడికొచ్చే వింటాను."

బ్యాటరీ పాతదే కాబట్టి, బావ ఫోన్ని అక్క ఛార్జింగు వైరుకే ఉంచేసింది.